పొట్టి పేరు

రాత్రి పదిన్నర. వూచ్ నగరం, నాలుగో అంతస్తు.
కింద ఆఖరి ట్రాము మలుపు తిరుగుతూ
ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు.
నా మోకాలి పక్కన పాత కంప్యూటర్ డబ్బా
పడిశం పట్టినట్టు ఊపిరి తీస్తోంది.
పొద్దున్నే మూడో అంతస్తు గ్రాత్సియాన్ వస్తాడు,
పదమూడేళ్ళవాడు. పాత ఆటలాడుకోడానికి
దీన్నిమ్మని మూడుసార్లు అడిగాడు.
ఖాళీ చేసి ఇస్తానన్నాను.

అన్నీ పోయాయి. పన్ను కాగితాలు,
చెల్లెలు అడవి నుంచి పంపిన పుట్టగొడుగుల ఫోటోలు,
సగంలో మానేసిన జర్మన్ పాఠాలు.
ఒక్కటి మాత్రం ససేమిరా అంటోంది:
'వంటిల్లు 2004'.

చెరిపెయ్ అంటాను.
ప్రవేశం లేదంటుంది.
నా బల్ల కింద కూచుని, నా కరెంటు తాగుతూ!
మళ్ళీ నొక్కితే, ఈసారి కాస్త మర్యాదగా:
ఈ ఫైలును వేరొక ప్రోగ్రాం వాడుతోంది.
ఎవరమ్మా, ఇంత రాత్రప్పుడు?

వెతికితే దొరికాడు,
ప్రింటరుకి కాపలా కాసే ప్రోగ్రాం.
ఆ ప్రింటరుని పదకొండేళ్ళ కిందటే
చెత్తబండివాళ్ళు మెట్ల మీద దడదడలాడించుకుంటూ పట్టుకుపోయారు.
ఈ పిచ్చిమారాజుకి ఎవరూ చెప్పలేదు.
రోజూ లేచి, టోపీ సర్దుకుని,
ఇవాళైనా అచ్చు వేస్తారని
వంటింటి ఖర్చుల పట్టీని ఉడుంపట్టు పట్టి నిలబడ్డాడు.
ఇంటికి పో నాయనా, అన్నాను.
పోయాడు.

అయినా కదల్లేదు.
ఆపి, మళ్ళీ వెలిగించి, పై వరసలో ఎనిమిదో మీట తడుతూ
సేఫ్ మోడ్‌లోకి దిగాను.
ఇంగ్లీషువాళ్ళు క్షేమం అన్నదాన్ని
మా పోలిష్‌లో ప్రమాద స్థితి అని రాశారు, తెర నాలుగు మూలలా.
ఎవరు సరిగ్గా రాశారో ఇంకా తేలలేదు నాకు.
నల్లటి తెర. లావుపాటి అక్షరాలు,
కళ్ళజోడు లేకపోయినా తప్పించుకోలేనంత.
యజమాని: బోగ్నా వ్యెచోరెక్.

మేజోళ్ళ మిల్లులో ఇరవై రెండేళ్ళు
దారాల చిక్కులు తీశాను.
కోర్టులో ఆ ఇంటిపేరు విప్పి ఇచ్చేసినప్పుడు
పోగు కూడా మిగల్లేదనుకున్నాను.
ఇక్కడ ఇంకా ఆవిడే ఇంటావిడ.
బోగ్నా షికోరా ఎవరో దీనికి తెలీదు.
పారెయ్యాలంటే
ముందు నాదేనని ఒప్పుకోవాలట.
గడిలో టిక్కు పెట్టాను,
రెండు వందల పద్నాలుగు ఫైళ్ళూ నావేనని.
ఇసుక గడియారం బోర్లా పడి, లేచి, బోర్లా పడి...

ఒక్కసారి తెరిచి చూశాను. తప్పా?
గోడ పలకల ఫోటోలు. ఆకుపచ్చ. ఇంకాస్త ఆకుపచ్చ.
సింకు కిటికీ కిందా, గోడ వైపా అని
ఆయన ఎర్రగా, నేను నీలంగా గీసిన గీతలు.
ఒక్కచోట రెండూ ఒకదాని మీద ఒకటి పడి
వంకాయ రంగు.
ఆ వంటిల్లు కట్టనేలేదు.
ఇప్పటికీ పాత మట్టిరంగు పలకల మీదే
నా టీ ఆవిరి.

చెరిపాను. అన్నీ, ఒక్క ఊపున.

మిగిలింది ఒట్టి ఫోల్డరు. అదీ పోదు.
కళ్ళెదుట కనిపిస్తుంది, పట్టుకోబోతే
అలాంటిదేదీ లేదంటుంది.
పేరు చివర ఒక ఖాళీ ఉందట.
ఆయన వేళ్ళు ఎప్పుడూ అంతే,
మాట అయిపోయాక కూడా పొడుగు మీటని ఓసారి తట్టేవి.
ఆ ఖాళీయే ఇన్నేళ్ళూ
తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టింది.

గ్రాత్సియాన్‌కి మెసేజ్ పెడితే, ఇంకా పడుకోలేదు వెధవ:
బోగ్నా గారూ, లోపల ప్రతిదానికీ
పాతకాలపు పొట్టి పేరొకటుంటుంది.
దాంతో పిలవండి.

నల్ల కిటికీలో టైపు చేశాను.
ఆరక్షరాలు, ఒక అల గుర్తు, ఒకటి.
పలికింది.
నిజంగానేనా అని కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

ఇంతా చేస్తే మిగిలిన చోటు తొంభై ఎంబీ.
గ్రాత్సియాన్ ఆటలో
ఒక గుర్రం పడుతుందేమో. జీనుతో సహా.